మూగదొర దుఃఖం

మదురై నుంచి దక్షిణానికి రెండు దారులున్నాయి. ఒకటి కారియాపట్టి, అరుప్పుకోట్టై, ఎట్టయపురం మీదుగా తూత్తుకుడి రేవుకి పోతుంది. రెండోది విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి, కయత్తారు మీదుగా తిరునల్వేలి చేరుతుంది. ఈ రెండోది తెలుగువాళ్లకి తెలిసిన దారే. హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి అది. మొదటి దారికి కాస్త ఎడంగా, ఎట్టయపురం దాటాక, పాంచాలంకురిచ్చి కోట ఉండేది. రెండో దారి మీద, కయత్తారులో, ఆ కోట దొరని ఉరితీసిన చెట్టు ఉండేది.

ఈ రెండు దారుల నడుమంతా నల్లరేగడి. తమిళంలో దాన్ని కరిసల్ అంటారు. పత్తి, సజ్జ, జొన్న పండే మెట్ట. ఇక్కడ చాలా ఊళ్లలో బజారులో తమిళం, ఇంట్లో తెలుగు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా దిగి వచ్చిన కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకర్ల పిల్లలు బడిలో తెలుగు అక్షరం చూడకపోయినా అమ్మతో తెలుగే మాట్లాడతారు. కోవిల్‌పట్టికీ కయత్తారుకీ మధ్య ఉన్న ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఆ వలస కథనే ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశాడు. ఆయన ఇంటి భాషా తెలుగే.

పాంచాలంకురిచ్చి దొరలు రాజకంబళం వాళ్లు. ఇలవేల్పు జక్కమ్మ. ఇంటిపేరు గెట్టిబొమ్ము అనీ, తమిళ నోళ్లలో అదే కట్టబొమ్మన్ అయిందనీ చెబుతారు. 1959లో బి.ఆర్. పంతులు తీసిన శివాజీ గణేశన్ సినిమా తెలుగులోకి వచ్చినప్పుడు ఆ పేరే ‘వీరపాండ్య కట్టబ్రహ్మన’ అయింది. ఆ సినిమా వల్ల కట్టబొమ్మన్ అంటే మన చెవులకి మాటల జడివాన. పన్ను అడిగిన తెల్లదొర మీద విరుచుకుపడే ఆ సంభాషణలని తమిళనాట తరాల తరబడి బడిపిల్లలు కంఠతా పట్టి వేదికలెక్కారు.

కట్టబొమ్మన్ చివరి మాటలు మాత్రం ఆ సంభాషణల్లాంటివి కావు. అవి చాలా చిన్నవి.

వాటిని రాసిపెట్టింది అతన్ని ఉరితీయించిన మనిషే. ఈస్టిండియా కుంపిణీ సేనాధికారి మేజర్ జాన్ బన్నర్మన్ 1799 అక్టోబరు 16న కయత్తారులో చుట్టుపక్కల పాళెగాళ్లందరినీ పిలిపించి కూచోబెట్టాడు. వాళ్ల ఎదుట విచారణ జరిపి, శిక్ష చదివి, ఆ రోజే ఉరి అమలు చేయించాడు. మర్నాడు పైవాళ్లకి రాసిన ఉత్తరంలో, ఖైదీ జంకకుండా నిలబడ్డాడనీ, ఉరిచెట్టుకి నడిచిపోతూ రెండు పక్కలా కూచున్న పాళెగాళ్లని ఈసడింపుగా చూశాడనీ ఒప్పుకున్నాడు. తనకి ఇతరులు చెప్పగా విన్నానంటూ ఇంకో రెండు సంగతులు చేర్చాడు. దారిలో అతను బెంగపడ్డది ఒక్క మనిషి గురించే, మూగవాడైన తన తమ్ముడి గురించి. చెట్టు మొదటికి చేరాక విచారపడ్డది ఒక్క విషయానికే, కోట విడిచి వచ్చినందుకు. దాన్ని కాపాడుకుంటూ అక్కడే చచ్చిపోయి ఉంటే బాగుండేదని.

తమ్ముడు, కోట. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి చావు ముందు తలచుకున్నవి ఈ రెండే.

ఆ తమ్ముడి అసలు పేరు కుమారస్వామి. లోకం మాత్రం అతన్ని ఊమైదురై అనే పిలిచింది. ‘ఊమై’ అంటే మూగ. ‘దురై’ మన దొరే. అన్న ఉరి నాటి నుంచి తన మెడకి తాడు పడే దాకా అతను రెండేళ్ల ఒక నెల బతికాడు. అందులో తొలి పదిహేనున్నర నెలలు పాళయంకోట్టై జైల్లో సంకెళ్లతో గడిచాయి. కట్టబొమ్మన్ పేరు మీద సినిమా ఉంది, విగ్రహం ఉంది, తపాలా బిళ్ల ఉంది. ఈ చరిత్రలో గుండె పగిలే భాగం మాత్రం అతని తర్వాత మిగిలినవాడిదని ఈ వ్యాసకర్త నమ్మకం.

అసలు ఈ దుఃఖాల గొలుసు అన్నదమ్ములతో మొదలు కాలేదు. ఒక స్నేహంతో మొదలైంది.

మదురైని ఏలిన విశ్వనాథ నాయకుడు, అతని దళవాయి అరియనాథ ముదలియార్ 16వ శతాబ్దంలో ఈ సీమని 72 పాళేలుగా పంచారు. ఒక్కో పాళెగాడు తన ఎల్లలో శిస్తు వసూలు చేయాలి, కావలి కాయాలి, పిలిచినప్పుడు సేనతో రావాలి. రెండు వందల యాభై ఏళ్లు ఆ ఏర్పాటు నడిచింది. అప్పుల్లో మునిగిన ఆర్కాటు నవాబు 1792 ఒప్పందంతో పాళెగాళ్ల దగ్గర కప్పం వసూలు చేసే హక్కుని కుంపిణీకి ఇచ్చేశాడు. అప్పటిదాకా రాజులకీ నవాబులకీ బెట్టుగానో బతిమాలించుకునో కప్పం కట్టినవాళ్లని ఇప్పుడు కలెక్టరు అనే ఉద్యోగి తాకీదు పంపి పిలవసాగాడు.

ఆ కలెక్టరు కోలిన్ జాక్సన్. 1798లో పాంచాలంకురిచ్చి బాకీ 3,310 వరహాలని తేల్చి, వచ్చి తనని కలవమని కట్టబొమ్మన్‌కి కబురు పెట్టాడు. కట్టబొమ్మన్ పరివారంతో బయల్దేరాడు. జాక్సన్ ఒకచోట ఆగలేదు. కుత్తాలం అన్నాడు, శివగిరి అన్నాడు, శ్రీవిల్లిపుత్తూరు అన్నాడు. దొర ఊరూరా వెంట తిరిగాడు. మూడు వారాలు దాటాక సెప్టెంబరులో రామనాథపురంలో దర్శనం దొరికింది. లెక్కలు చూస్తే చాలావరకు చెల్లిపోయి మిగిలింది 1,080 వరహాలే. అయినా దొరని కోటలోనే ఆపేయాలని చూశారు. వాకిట్లో పెనుగులాట జరిగింది. లెఫ్టినెంట్ క్లార్క్ చచ్చిపోయాడు. కట్టబొమ్మన్ తప్పించుకుని బయటపడ్డాడు. అతని ప్రధాని సుబ్రహ్మణ్య పిళ్లై పట్టుబడిపోయాడు.

పిళ్లై తెలుగువాడు కాదు, నాయకరు కాదు. తమిళ వెళ్లాళ కుటుంబం. కోటలో లెక్కలూ మంతనాలూ ఆయనవే. ఆయన్ని వదిలేసి ఊరుకోవడం కట్టబొమ్మన్‌కి తేలికైన పని. అతను ఊరుకోలేదు. మద్రాసు గవర్నరు సభకి అర్జీ పెట్టి, జాక్సన్ నడిపించిన తీరంతా విప్పి చెప్పాడు. విచారణ సంఘం వేశారు. డిసెంబరులో ఆ సంఘం ముందు దొర స్వయంగా హాజరయ్యాడు. ఫలితంగా పిళ్లై విడుదలయ్యాడు, జాక్సన్ ఉద్యోగం పోయింది. మద్రాసు కోటలో కూచున్న తెల్లవాళ్లు ఒక పాళెగాడి అర్జీ విని తమ కలెక్టరుని తీసేయడం మామూలు సంగతి కాదు. స్నేహితుడి కోసం కట్టబొమ్మన్ గెలిచిన ఆ గెలుపు ఏడాది కూడా నిలవలేదు.

జాక్సన్ స్థానంలో లషింగ్టన్ వచ్చాడు. 1799 మేలో శ్రీరంగపట్నం పడింది, టిప్పు నేలకొరిగాడు. మైసూరు యుద్ధం నుంచి తీరిక దొరికిన పటాలం దక్షిణానికి మళ్లింది. సెప్టెంబరు 5న బన్నర్మన్ పాంచాలంకురిచ్చి మీద పడ్డాడు. తొలి దాడి తిప్పికొట్టారు. లెఫ్టినెంట్ కాలిన్స్ అక్కడే చచ్చాడు. పెద్ద ఫిరంగులు పాళయంకోట్టై నుంచి వస్తున్నాయని తెలిసి రాత్రిపూట కట్టబొమ్మన్ మనుషులతో కోట విడిచాడు. కయత్తారులో చెట్టు కింద నిలబడ్డప్పుడు అతను తలచుకున్నది ఈ రాత్రినే.

దారిలో కోలారుపట్టి దగ్గర ఎట్టయపురం సేన అడ్డుకుంది. పిళ్లై మళ్లీ పట్టుబడ్డాడు. ఈసారి అర్జీకి వ్యవధి లేదు. సెప్టెంబరు 13న నాగలాపురంలో ఉరితీశారు. తల నరికి, పాంచాలంకురిచ్చికి పంపి, ఈటెకి గుచ్చి నిలబెట్టారు. నాగలాపురం పాళెగాడి తమ్ముడు సౌందరపాండ్య నాయకుడినీ ఆ రోజుల్లోనే చంపారు.

ఆ రోజుకీ కయత్తారు రోజుకీ మధ్య 33 రోజులు. తన ప్రధాని తల తన కోట ముందు ఈటె మీద ఉందని తెలిసి, తన తలకీ అదే గతి అని తెలిసి కట్టబొమ్మన్ బతికిన రోజులవి. పుదుక్కోట్టై తొండమాన్ మనుషులు అతన్ని అడవిలో పట్టి అప్పగించారు. కయత్తారుకి తెచ్చేనాటికి అతను తనకన్నా ముందు పోయినవాడి దుఃఖంతోనే వచ్చి ఉండాలి. పాళెగాళ్ల వైపు అతను చూసిన చూపుని బన్నర్మన్ పొగరుగా చదివాడు. అక్కడ కూచున్నవాళ్లలో అతని కులంవాళ్లు, అతని ఇంటి భాష మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఎట్టయపురం దొరలూ రాజకంబళం వాళ్లే. ఆ చూపులో పొగరు కన్నా ఎక్కువే ఉంటుంది.

కయత్తారు విచారణ ఆనాటి పాళెగాళ్ల కోసం జరిపించిన తతంగం. నేరాలు మూడు: కిస్తీ కట్టలేదు, పిలిస్తే రాలేదు, సర్కారు సేన మీద తుపాకులు పేల్చాడు. సాక్షులుగా కూచున్నవాళ్లకి అది పాఠం. ఆ వెంటనే పాళేలన్నిటా కోటలు పడగొట్టాలనీ, ఆయుధాలు అప్పగించాలనీ ఆజ్ఞ వెళ్లింది. పాంచాలంకురిచ్చి, ఏళాయిరంపణ్ణై, నాగలాపురం, కోలారుపట్టి, కాడల్‌గుడి, కుళత్తూరు పాళేలు జప్తయ్యాయి. ఈ పేర్లన్నీ ఇవాళ్టి విరుదునగర్, తూత్తుకుడి జిల్లాల బస్సుల బోర్డుల మీద కనిపించే ఊళ్లవే.

బతికిన మగవాళ్లని పాళయంకోట్టై కోటలో పెట్టారు. అందులో ఊమైదురై ఒకడు.

అతన్ని దగ్గరగా ఎరిగి రాసిన తెల్లవాడు జేమ్స్ వెల్ష్. కుంపిణీ సేనలో యువ అధికారిగా ఈ యుద్ధమంతా చూసి, ముప్పై ఏళ్ల తర్వాత 1830లో తన సైనిక జ్ఞాపకాలని అచ్చు వేశాడు. ఊమైదురై పొడుగ్గా, సన్నగా, జబ్బుమనిషిలా కనిపించే కుర్రవాడని రాశాడు. చెవుడు, మూగ రెండూ ఉన్నాయన్నాడు. అన్నని ఉరితీశారన్న మాట అటువంటివాడికి ఎలా చేరుతుంది? కళ్లతో చూసి ఉంటే తప్ప, సైగల్లోనే చేరాలి. ఎవరో ఒకరు అతని ఎదుట నిలబడి, మెడ చుట్టూ వేలు తిప్పి, తల వాల్చి చూపించి ఉండాలి. ఏడ్చేవాళ్ల మధ్య కూచున్నా ఆ ఏడుపు అతనికి వినపడదు. చనిపోయినవాడి గుణాలు ఎత్తి ఏకరువు పెట్టే ఏడుపుపాట మన దగ్గరా ఉంది, తమిళంలో ఒప్పారి అంటారు. ఆ ఓదార్పు కూడా లేని దుఃఖం అతనిది.

కయత్తారులో అన్న మీద చదివినట్టు ఈ ఖైదీల మీద శిక్షేదీ చదవలేదు. గడువూ చెప్పలేదు. నాగలాపురంలో ఒకరు, కయత్తారులో ఒకరు పోయాక, లోపలున్నవాళ్లకి తలుపు చప్పుడైన ప్రతిసారీ వచ్చే ఆలోచన ఒకటే. ఈ రకం ఎదురుచూపు చావుకన్నా ముందే మనిషిని తినేస్తుందని చట్టం ఒప్పుకోవడానికి ఈ దేశంలో చాలా ఏళ్లు పట్టింది. అదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటంలోంచి వచ్చిన భూమయ్య, కిష్టాగౌడ్‌లు మరణశిక్ష పడ్డాక మూడేళ్లు ఉరి నీడలో ఒకరికొకరు తోడుగా బతికారు. ఎమర్జెన్సీ కాలంలో 1975 డిసెంబరు 1న ఇద్దరినీ ఉరితీశారు. 1983లో తమిళనాడు నుంచి వచ్చిన వదీశ్వరన్ కేసులో, రెండేళ్లకి మించి ఉరి కోసం ఎదురుచూసిన ఖైదీకి ఆ శిక్ష యావజ్జీవంగా మారాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తీర్పు రాసింది తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి. రెండేళ్ల గీత నిలవకపోయినా, ఆ ఎదురుచూపు కూడా హింసేనన్న మాట నిలిచి, 2014 శత్రుఘ్న చౌహాన్ తీర్పు దాకా వచ్చింది.

పాళయంకోట్టైలో ఉన్నవాళ్లకి కోర్టులు లేవు. మశూచి వచ్చింది. జబ్బు మూలంగా ఖైదీల సంకెళ్లు తీశారు. 1801 ఫిబ్రవరి 2 సాయంత్రం మేజర్ మెకాలే ఇంట్లో విందు. అధికారులూ వాళ్ల ఇల్లాళ్లూ ఇరవై మంది దాకా భోజనానికి కూచున్నారు. వెల్ష్ కూడా అక్కడే ఉన్నాడు. అప్పటికే పాంచాలంకురిచ్చి మనుషులు కట్టెలమ్మేవాళ్ల వేషంలో ఊళ్లో దిగి ఉన్నారు. మోపుల్లో కత్తులు. చీకటి పడగానే కాపలావాళ్ల మీద పడి తుపాకులు లాక్కున్నారు. ఖైదీలు బయటపడ్డారు. తెల్లవారేసరికి ముప్పై మైళ్ల దూరాన పాంచాలంకురిచ్చిలో ఉన్నారు.

ప్రాణభయంతో పారిపోయినవాడు అడవి పడతాడు, సముద్రం దాటతాడు. తూత్తుకుడి రేవు దగ్గరే ఉంది, అవతల సింహళం ఉంది. ఊమైదురై అటు పోలేదు. నేలమట్టమైన కోట దగ్గరికి పోయాడు.

వారం తిరగకుండా మెకాలే సేన వచ్చి చూసి నిర్ఘాంతపోయింది. కుంపిణీ వాళ్లు తామే చదును చేయించిన చోట గోడలు మళ్లీ లేచాయి. గోడల మీద పదిహేను వందల మంది దాకా కాపున్నారు. ఆ గోడలు రాతివి కావు. నల్లరేగడి మట్టిలో గడ్డి కలిపి తొక్కి మెత్తినవి. పన్నెండడుగుల ఎత్తు. ఫిరంగి గుండు తగిలితే రాతిగోడ పగులుతుంది, ఈ మట్టిగోడ గుండుని మింగి ఊరుకుంటుంది. అయిదు వందల అడుగుల పొడుగు, మూడు వందల అడుగుల వెడల్పు ఉన్న ఆవరణని అంత మంది ఆడా మగా పగలూ రాత్రీ మట్టి తొక్కి లేపారంటే, దాన్ని పని అనాలో కర్మకాండ అనాలో తేల్చడం కష్టం. అన్న చావు ముందు తలచుకున్న రెండింటిలో ఒకటి రెండోదాన్ని మళ్లీ నిలబెట్టింది.

వెల్ష్ అతని నాయకత్వం గురించి రాసిన భాగం ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా ఉంటుంది. జనం అతన్ని స్వామి అని పిలిచేవారట. అతని చిన్న సైగ దైవవాక్కు. యుద్ధ వ్యూహం చెప్పాలంటే కాసిని గడ్డిపరకలు ఎడమ అరచేతిలో పెట్టేవాడు. అవి ఇంగ్లీషు సేన. ఏ వేళకి దాడో చేత్తో చూపించేవాడు. తర్వాత కుడిచెయ్యి అరచేతి మీద నుంచి సర్రున లాగి, పరకలన్నీ ఎగిరిపోయేలా ఊడ్చి, నోటితో బుస్సుమని చప్పుడు చేసేవాడు. అదే ఆజ్ఞ. ఆ దాడిలో ముందు నడిచేదీ అతనే.

1801 మార్చి 31న కుంపిణీ గోడలెక్కబోయి దారుణంగా ఓడింది. ముందు దుమికిన తెల్ల సిపాయిలు 120 మందిలో దెబ్బ తగలకుండా వెనక్కి వచ్చింది 46 మందే. కర్నల్ ఆగ్న్యూ మరింత సేనతో, పెద్ద ఫిరంగులతో దిగాడు. మే 24న గోడకి గండి పడింది. లోపలివాళ్లు గుంపు విడకుండా బయటికి వచ్చి మైదానానికి అడ్డంపడి పోతుంటే గుర్రపు దళం తరిమింది. రేగడి నిండా శవాలు.

ఆ రాత్రి జరిగింది కూడా వెల్ష్ మూలంగానే మనకి తెలిసింది. మూడు మైళ్ల దూరంలోని ఒక ఊరి ఆడవాళ్లు తమవాళ్ల కోసం ఆ మైదానంలో వెతుకుతున్నారు. ఒక తల్లికి కొడుకు దొరికాడు. ఇంకా ఊపిరి ఉంది. ఎత్తబోతే వద్దన్నాడు. నన్ను వదిలెయ్యమ్మా, పక్కన స్వామి గాయాలతో పడి ఉన్నాడు, అతన్ని కాపాడు అన్నాడు. ఆ తల్లి చచ్చిపోతున్న కొడుకుని అక్కడే వదిలి, ఊమైదురైని మోయించి ఇంటికి తీసుకుపోయింది. ఎట్టయపురం మనుషులు వెతుక్కుంటూ వచ్చారు. ఆడవాళ్లు అతని మీద గుడ్డ కప్పి చుట్టూ చేరి గొల్లుమన్నారు. ఎవరంటే, అమ్మవారు పోసి చచ్చిపోయిన కుర్రవాడన్నారు. మశూచి మాట వినగానే వచ్చినవాళ్లు వెనక్కి తగ్గి వెళ్లిపోయారు.

ఆ శోకాల్లో ఒక తల్లి శోకం నిజమైనదే. కొడుకుని మైదానంలో వదిలి వచ్చి గంటలు కాలేదు. ఇంకొకడి మీద పడి ఏడ్చినట్టు నటిస్తూ తన కొడుకు కోసమే ఏడ్చి ఉంటుంది. ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు.

గాయాలు మానాక ఊమైదురై శివగంగ సీమకి చేరాడు. అక్కడ ఏలుతున్న మరుదు సోదరులు, పెద్ద మరుదు, చిన్న మరుదు, అతనికి శిరువయల్‌లో ఆశ్రయమిచ్చారు. కులం వేరు, భాష వేరు. పట్టిస్తే కుంపిణీ దయ చూపుతుందని తెలుసు. వాళ్లు పట్టివ్వలేదు. ఆ జూన్‌లో తిరుచ్చి కోట గోడకి ఒక ప్రకటన అంటించారు. జంబూద్వీపంలోని అన్ని కులాలవాళ్లూ తెల్లవాళ్ల మీద లేవాలని పిలుపు. యుద్ధం ఇప్పుడు ఒక పాళెం సొంత గొడవ కాదు. అక్టోబరు 1న మరుదుల స్థావరం కాళయార్‌కోయిల్ పడిపోయింది. అక్టోబరు 24న తిరుప్పత్తూరు కోటలో మరుదు సోదరులని ఉరితీశారు.

ఈ ఉరికి ఏడ్చినవాళ్లలో జేమ్స్ వెల్ష్ ఉన్నాడు. 1795లో మదురైలో కొత్తగా చేరిన రోజుల్లో చిన్న మరుదు అతనికి స్నేహితుడయ్యాడు. పళ్లూ సన్న బియ్యం పంపేవాడు. ఈటె విసరడం, వళరి అనే వంకర కర్ర విసరడం నేర్పాడు. ఆరేళ్ల తర్వాత అదే మనిషిని అడవిమృగాన్నిలా వేటాడే సేనలో తనున్నాననీ, తొడ విరిగి పడి ఉండగా చూశాననీ, మామూలు దొంగని వేసినట్టు ఉరి వేశారనీ వెల్ష్ తన పుస్తకంలో బాధపడ్డాడు. గెలిచిన పక్షంవాడు అచ్చులో అలా బాధపడటం అరుదు. దానికి అతన్ని మెచ్చుకోవాలి. ఆ బాధ ఉరిని ఆపలేదన్నదీ గుర్తుంచుకోవాలి.

ఊమైదురైకి ఆశ్రయమిచ్చినవాళ్లు పోయారు. ఇక మిగిలిందతనే. అతన్నీ, ఆ కుటుంబానికే చెందిన శెవత్తయ్యనీ వత్తలగుండు దగ్గర పట్టుకున్నారు. పాంచాలంకురిచ్చికి తెచ్చి 1801 నవంబరు 16న ఉరితీశారు. మరుదు సోదరుల ఉరికీ అతని ఉరికీ మధ్య 23 రోజులు. పిళ్లై పోయాక అన్న బతికిన రోజుల కన్నా పది తక్కువ. ఉరి అతని కోట దగ్గరే వేశారు. అన్న కోరుకుని పొందలేకపోయిన చోటు తమ్ముడికి దక్కింది.

ఆ తర్వాత కుంపిణీ ఆ నేల మీదే పగ తీర్చుకుంది. కోటని మళ్లీ చదును చేసి, దున్ని, ఆముదం విత్తింది. పాంచాలంకురిచ్చి అన్న పేరు లెక్కల పుస్తకాల్లోంచి కొట్టేసింది. ఆ యుద్ధంలో పోయిన తెల్ల అధికారుల సమాధులు అక్కడ దగ్గరలోనే ఇప్పటికీ ఉన్నాయి. మిగిలిన తిరుగుబాటుదార్లని, డెబ్బై మందికి పైగా, 1802 ఫిబ్రవరిలో తూత్తుకుడి రేవులో ఓడెక్కించి పినాంగు దీవికి పంపేశారు. వాళ్లలో చిన్న మరుదు కొడుకు, పదిహేనేళ్ల దురైస్వామి ఉన్నాడు. 1818లో వెల్ష్ పినాంగు వెళ్లినప్పుడు ముసలివాడిలా ఉన్న ఒక ఖైదీ అతని ముందుకొచ్చాడు. వెల్ష్ గుర్తుపట్టలేదు. పేరు చెబితే తెలిసింది. అప్పటికి ఆ ముసలివాడి వయసు ముప్పై రెండు దాటదు.

కట్టబొమ్మన్ కథని పల్లెల్లో కథాపాటగా పాడుకున్నారు. ఆ పాటని తర్వాత నా. వానమామలై సేకరించి అచ్చు వేశాడు. చదువుకున్నవాళ్ల ప్రపంచంలోకి అతన్ని తెచ్చినవాడు మ.పొ. శివజ్ఞానం. మద్రాసు నగరం కోసం, తిరుత్తణి కోసం తెలుగువాళ్లతో గట్టిగా తలపడ్డ తమిళ నాయకుడు, ఇంట్లో తెలుగు మాట్లాడిన ఒక పాళెగాడిని తమిళ జాతి వీరుడిగా నిలబెట్టాడు. ఇందులో తెలుగువాళ్లు నొచ్చుకోవలసింది లేదు. పిళ్లై, మరుదులు, నాయకర్లు కలిసి ఒకే తాటికి వేలాడిన చరిత్రని ఏ ఒక్క భాషా సొంతం చేసుకోలేదు. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో జ్ఞాపకంగా కొత్త కోట కట్టింది. కయత్తారులో శివాజీ గణేశన్ స్థలం కొని విగ్రహం పెట్టించాడు.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల రాజకంబళం వాళ్లు ఇప్పటికీ దేవరాట్టం ఆడతారు. చేతుల్లో గుడ్డలు, కాళ్లకి గజ్జెలు, వరస కట్టిన మగవాళ్లు, దేవదుందుభి మోత. జమీన్ కోడంగిపట్టి ఈ ఆటకి పేరుపడ్డ ఊరు. ఈ ఆటకి పాట ఉండదు. నోరు విప్పకుండా వాద్యం దరువుకి అడుగులు మార్చుకుంటూ పోతారు.

కయత్తారులో విగ్రహం రాకముందు, ఎవరూ పుస్తకం రాయకముందు, ఉరి వేసిన చోట ఒక గుర్తు ఉండేది. 1881లో తిరునల్వేలి జిల్లా చరిత్ర అచ్చు వేసిన బిషప్ కాల్డ్‌వెల్ దాని గురించి రాశాడు. చిన్నవీ పెద్దవీ కలిసిన రాళ్ల గుట్ట. ఎవరో కట్టినది కాదు. ఆ దారిన పోయేవాళ్లు ఆగి, వంగి ఒక రాయి ఏరి, దాని మీద వేసి నడిచిపోయేవాళ్లు. ఎనభై ఏళ్లు అలా వేస్తూనే ఉన్నారు.